తెల్ల చొక్కా, ఖాకీ చొక్కా

సినిమాల్లో గుంపు మనుషుల్ని ఎత్తు చూసి పంచుతారు. పొట్టివాళ్లు జనం, పొడుగువాళ్లు పోలీసులు. పొడుగాయన నిచ్చెన లేకుండా దూలాల బూజు దులపగల మనిషి. అందుకని ఆయన ఏనాడూ జనంలో లేడు. తిరుగుబాటు ఏ కాలందైనా ఆయన చేతిలో లాఠీయే. టోపీ మాత్రం మారేది.

తను పనిచేసే మిల్లు మూతపడ్డాక పొట్టకూటికి పట్టిన పని అది. ఆ మిల్లు గేటు ముందే, సమ్మె రోజుల్లో, ఆయన కళ్లెదుటే ఆయన అన్న పోలీసు కాల్పుల్లో పోయాడు. పక్క వాటాలో ఉండే వదిన ఇస్త్రీ బల్ల మీద బతుకు ఈడ్చుకొస్తోంది. ఎవరి బట్టలైనా చేస్తుంది గానీ ఖాకీ ముట్టదు. మరిది పనికి తొడుక్కెళ్లే తెల్ల చొక్కాని మాత్రం రోజూ అందరికంటే ముందు చేసి పెడుతుంది.

చివరికి ఆ సమ్మె మీదే సినిమా తీస్తున్నారన్న కబురు వచ్చింది.

"ఈసారైనా మీ అన్న పక్కన నిలబడు మరిదీ," అంది వదిన.

"నిలబడతా వదినా. ఒట్టు."

గుంపు మనుషుల్ని తెచ్చే మేస్త్రీని బతిమాలాడు. "ఈ ఒక్కసారి నన్ను జనంలో వెయ్యి మేస్త్రీ."

"నువ్వు జనంలో నిలబడితే కోళ్లగంపలో ఒంటె దూరినట్టుంటుంది. ఖాకీ చొక్కా నీ కొలతకే కుట్టించా. నువ్వు కాకపోతే ఎవరు తొడుక్కుంటారు, మీ తాతా?"

తొడుక్కున్నాడు. చెక్కతో కట్టిన మిల్లు గేటు ముందు, కొయ్య తుపాకీతో మొదటి వరసలో నిలబెట్టారు. డైరెక్టరు కేక పెట్టగానే జనం కదిలారు. అన్నలాగే చొక్కా చేతులు పైకి మడిచిన మనిషొకడు ఎదురొచ్చాడు. పొడుగాయన తుపాకీ పారేశాడు. టోపీ తీసి నేలకు కొట్టాడు. నడిచి వెళ్లి ఆ జనంలో నిలబడ్డాడు.

మెడపట్టి గెంటుతారనుకున్నాడు. డైరెక్టరు పరుగున వచ్చి కావిలించుకున్నాడు. "అదిరింది పెద్దాయనా! మళ్లీ చెయ్యి. ఈసారి మొహం కెమెరాకి తిప్పి ఏడువు."

ఇంటికొచ్చి, "మాట నిలబెట్టుకున్నా వదినా," అన్నాడు. ఆమె కళ్లొత్తుకుంది.

సినిమా వచ్చాక ఇద్దరూ మ్యాట్నీకి వెళ్లారు. తెర మీద టోపీ నేలన పడగానే హాలంతా ఈలలు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదుతూ, "పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు, పైనుంచి ఆర్డరు," అన్నారు. కార్మికులు కూలిపోవడం పొగలో సరిగా కనిపించనే లేదు.

వీధి మలుపు దగ్గర ఆయనే అడిగాడు.

"ఎలా ఉంది వదినా?"

"ఆ రోజు ఒక్కడైనా తుపాకీ దించాడా?"

"లేదు."

"నువ్వు అక్కడే ఉన్నావుగా?"

"ఉన్నా."

"మరి వాళ్లు చెయ్యని మంచిని వాళ్లకెందుకు కట్టబెట్టావు? అంతమందీ ఏడ్చారు మరిదీ. మీ అన్న కోసం ఒక్కరూ ఏడవలేదు."

మర్నాడు మేస్త్రీ కబురు పెట్టాడు. ఇంకో సినిమా, ఇంకో తిరుగుబాటు, మనసు మారే పోలీసే కావాలట. పొడుగాయన చొక్కా కోసం వదిన బల్ల దగ్గరికి వెళ్లాడు. ఇరుగుపొరుగు బట్టలన్నీ ఇస్త్రీ అయి మడతల మీద ఉన్నాయి. ఆయనది విడిగా, ఇచ్చింది ఇచ్చినట్టే, ముడతలతో పడి ఉంది. ఖాకీ కాదు, తెల్లదే.