మాస్టారు తెరిచి చూడని కాపీ

ఫిజిక్స్ మాస్టారు పోయారని మంగళవారం పొద్దున గుడివాడ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారట. నాలుగు మాటలు చెప్పి ఫోన్ పెట్టేసి, పదింటి క్లాసుకు వెళ్ళి పాఠం చెప్పాను. క్లాసు ఎగ్గొడితే ఆయనకు నచ్చేది కాదు.

బందరులో మా కాలేజీలో ఆయనది ఫిజిక్స్, నాది తెలుగు. ల్యాబులో మూలపడ్డ కంప్యూటరుకు, ఏదో పత్రికతో వచ్చిన సీడీ నుంచి లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి ప్రాణం పోశారు. "మూత తీసి చూసుకోనిచ్చే సరుకండీ ఇది, దాపరికం లేదు" అనేవారు. కమాండ్లు బోర్డు మీద సుద్దముక్కతో రాసి, చెరిపేముందు ఒకసారి పైకి చదివేవారు. బస్సెక్కితే టిక్కెట్టు వాచీ పట్టీ కింద దోపుకునేవారు.

అప్పట్లో నేను పరిశోధన కోసం దివిసీమ ఆడవాళ్ళ నాట్ల పాటలు సేకరిస్తున్నాను. క్యాసెట్లలో రికార్డు చేసుకొస్తే మాస్టారు ఆ కంప్యూటర్లోకి ఎక్కించేవారు. రోజూ సాయంత్రం దానంతటదే ఇంకో డిస్కులోకి కాపీ తీసే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా పెట్టారు.

"క్యాసెట్లు చెరిపి మళ్ళీ వాడుకోవచ్చాండీ?" అని అడిగాను.

"నిశ్చింతగా వాడుకోండి మేడం. కాపీ ఉందిగా!"

వాడుకున్నాను. ఏడాది తిరక్కుండా పాటలున్న డిస్కు పాడైంది. కాపీ తెరిస్తే అందులో ఒక్క పాటా లేదు. మధ్యలో చోటు చాలక మాస్టారు కొత్త డిస్కు బిగించి పాటలన్నీ అందులోకి మార్చారు. బ్యాకప్‌కు ఆ సంగతి చెప్పడం మరిచారు. అది పాత చోటే చూసుకుంటూ, అక్కడి ఫోల్డరు ఖాళీ అయింది కాబట్టి కాపీనీ ఖాళీ చేసి, పని పూర్తయిందని రోజూ బుద్ధిగా రాసింది.

నాకు ఒళ్ళు మండింది. "నన్ను నట్టేట ముంచారు మాస్టారూ" అన్నాను, స్టాఫ్‌రూములో అందరి ముందూ. ఆయన నెపం కంప్యూటరు మీదికి నెట్టలేదు.

"తప్పు నాదేనండీ. కాపీ తీయడం సగం పని, తెరిచి చూడటం మిగతా సగం. నేను సగమే చేశాను. ఆదివారం ఎన్నింటి బస్సుకు వెళ్దాం?"

అలా ఎనిమిది ఆదివారాలు చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణించి ఊళ్ళు. పాడినవాళ్ళనే మళ్ళీ పాడమని బతిమాలాం. "పోయినేడు పాడాం గదమ్మా, ఏం జేశారు?" అంటే, నేను నోరు తెరిచేలోగా "నేను పోగొట్టానమ్మా" అని ఆయనే చెప్పేవారు. రికార్డు చేసింది అక్కడే వినిపించాకే గట్టు దిగేవారు. తమ గొంతులు విని ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవారు. నా కోపం ఏ ఆదివారం పోయిందో గుర్తులేదు.

ఒక ముసలమ్మ మాత్రం ఈలోగా చనిపోయింది. ఆవిడ పాట కోడలు పాడింది. మూడో చరణం తర్వాత ఆగిపోయి, "ఆపైన మా అత్తకే తెల్సండీ" అంది. నేను రికార్డరు ఆపబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

గుర్తొస్తుందేమో, కాసేపు తిరగనివ్వమన్నట్టు సైగ చేశారు.

గుర్తు రాలేదు.

నెలకోసారి కాపీలోంచి ఒక పాట బయటికి తీసి వినడం నాకు ఆయన అంటించిన అలవాటే. ఈ మంగళవారం క్లాసయ్యాక ఆ కోడలి పాట తీశాను. మూడు చరణాలు. తర్వాత గాలి, దూరంగా ఎవరో ఎద్దుల్ని అదిలించడం. ఆ ఖాళీలో మాస్టారు రెండుసార్లు దగ్గారు. మిగతా పాటలన్నిట్లో ఆయన ఊపిరి కూడా వినపడకుండా కూర్చున్నారు. ఆయనవి నా దగ్గర ఉన్నవి ఆ రెండు దగ్గులే. వాటిని ఇంకో రెండు సీడీల్లోకి ఎక్కించి, రెండూ తెరిచి విన్నాను.