వలందా తాత ఎవరి వైపు?

నాకు నాలుగో నెలలో చేసిన రక్తపరీక్షలో ఏదో తేడా కనిపించిందని జెనెటిక్ కౌన్సెలర్ వీడియో కాల్ పెట్టింది. శాన్ రామన్‌లో మా అద్దె ఇంటి వంటింట్లో, భోజనాల బల్ల దగ్గర నేనూ బావా పక్కపక్కన కూర్చున్నాం. బావ అంటే మా ఆయనే. మా మేనత్త కొడుకు. కౌన్సెలర్ చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. ఒంట్లో కొవ్వును శక్తిగా మార్చుకోలేని జబ్బు ఒకటుందట. అది నాకు లేదు కానీ, దాన్ని మోసే జన్యువు నాలో ఉందట. మా ఆయనలోనూ అదే ఉంటేనే బిడ్డకు జబ్బు వచ్చే వీలుంది, లేకపోతే రాదు.

"ఇది ఎక్కువగా జర్మన్ మూలాలున్నవాళ్ళలో చూస్తాం. మీ పూర్వీకుల్లో యూరప్ వాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. మాది భీమిలి అండీ అన్నాను, ఆవిడకేదో తెలిసినట్టు.

తర్వాతి ప్రశ్నకు ఆ నవ్వు కాస్తా పోయింది. "పెళ్ళికి ముందు మీ ఇద్దరికీ చుట్టరికమేమైనా ఉందా?" బావ ఏమాత్రం తడుముకోకుండా నేను తన మేనమామ కూతుర్నని ఇంగ్లిష్‌లో చెప్పేశాడు. పాపం ఆవిడ మొహం మారకుండా ఉంచుకోవడానికి నానా తంటాలూ పడింది. ఓకే, ఓకే అంది. "అయితే ఆయన పరీక్ష త్వరగా చేయించేద్దాం." ఆ 'త్వరగా' అన్న మాట విన్నాక నాకు ఆ పూట అన్నం సహించలేదు.

బావ రక్తం ఇచ్చి వచ్చి, ఏమీ జరగనట్టు ఆఫీసు మీటింగ్‌లో దూరిపోయాడు. ఫలితం రావడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. నేనేం చెయ్యాలి అన్ని వారాలు? గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోవడం నా వల్ల కాదు. పైగా లెక్క కళ్ళముందే ఉంది. ఆ జన్యువు మా అమ్మ వైపు నుంచి వచ్చి ఉంటే బావకు దాంతో సంబంధం లేదు. మా నాన్న వైపు నుంచి అయితే, నాన్న తోడబుట్టిన అక్కే బావను కన్నతల్లి. అంటే ఈ జన్యువును మా వంశంలోకి తెచ్చిన తెల్లదొర ఎవరి వైపు వాడో తేలితే నా బిడ్డ సంగతి సగం తేలినట్టే.

దొర ఉన్నాడన్నది మాత్రం మా ఇంట్లో పాత మాటే. భీమిలిలో ఒకప్పుడు డచ్చివాళ్ళకు కోటా వర్తకమూ ఉండేవి. మావాళ్ళు వాళ్ళను వలందావాళ్ళనేవారు. వాళ్ళ సమాధుల మధ్య మేం దొంగాట ఆడుకున్నాం. మా చుట్టాల్లో ఎవరికైనా పిల్లికళ్ళతో బిడ్డ పుడితే, "వలందా తాత మళ్ళీ వచ్చాడ్రోయ్" అని నవ్వుకునేవారు. ఎవరి తాత, ఎలా తాత అని అడిగిన పిల్లకు మొట్టికాయ పడేది.

మొదట నాకు ప్రాణం లేచొచ్చింది. వలందా అంటే హాలెండు కదా, జబ్బేమో జర్మన్లది! మనకేం భయం లేదని బావకు చెప్పి, ఆ రోజు రెండు గిన్నెల పెరుగన్నం తిన్నాను. మర్నాడు ఇంకా చదివితే ఆ ధైర్యం కూడా పోయింది. డచ్చి కంపెనీ ఓడలెక్కిన సిపాయిల్లో, గుమాస్తాల్లో జర్మన్ ఊళ్ళవాళ్ళు బోలెడంతమంది ఉన్నారట. ఊళ్ళో తిండి దొరక్క రేవు దాకా వచ్చి, కంపెనీలో చేరి, మా తీరంలో తేలారు. వాళ్ళ పేర్ల కోసం ఇంటర్నెట్‌లో గంటలు గంటలు వెతికాను. నాకు నోరు తిరగని పేర్లు, నోరు తిరగని ఊళ్ళు. అందులో మావాడెవడో ఆ దేవుడికే తెలియాలి.

అతణ్ణి ఊహించుకునేదాన్ని. జనం 'వలందావాడు' అంటుంటే మొదట్లో "నేను వాళ్ళవాణ్ణి కాదు" అని చెప్పి ఉంటాడు. వినేవాడు లేక, విసుగొచ్చి ఊరుకుని ఉంటాడు. ఒక్కోసారి జాలేసేది. ఎక్కువసార్లు మాత్రం ఒళ్ళు మండేది. ఏం నాయనా, నీ ఊళ్ళో నువ్వు బుద్ధిగా ఉండకుండా, ఇన్ని సముద్రాలు దాటొచ్చి నా కడుపున పుట్టబోయేదాని మీద పడ్డావేం? అని లాప్‌టాప్ ముందే తిట్టిపోశాను.

అమ్మకు ఫోన్ చేశాను. "మా వైపేంటే, నీకేమైనా మతిపోయిందా? మీ నాన్న కళ్ళు కనబడ్డంలేదా నీకు?" అంది.

నాకు వేవిళ్ళు ఎక్కువగా ఉన్నాయని అత్త వచ్చి మా దగ్గరే ఉంటోంది. ఆవిణ్ణడిగాను. "ఏటే, మా వైపు దొరలేటి, దొరసానులేటి! మా తమ్ముడివి పిల్లికళ్ళు కావు, తేనెకళ్ళు. మీ అమ్మమ్మ రంగు చూళ్ళేదేటి నువ్వు? ఎండలో నిలబడితే ఎర్రగా కందిపోయీది" అంది. అమ్మ మళ్ళీ ఫోన్ చేసి ఏదో అంది. దానికి అత్త ఇంకేదో అంది. పాపం ఆ దొర వాళ్ళిద్దరి మధ్యా బంతిలా అటూ ఇటూ ఎగిరాడు. "రిజల్ట్ వచ్చేదాకా వెయిట్ చేయవే బాబూ, ఈలోపు వీళ్ళు మనకి డివోర్స్ ఇప్పించేలా ఉన్నారు" అన్నాడు బావ. నవ్వాను గానీ, నిద్రలో కూడా అదే లెక్క వేసుకునేదాన్ని.

ఒక ఉదయం ఫలితం వచ్చింది. బావలోనూ ఉంది.

వెంటనే కౌన్సెలర్ మాట్లాడింది. బిడ్డకు జబ్బు రావడానికి నాలుగో వంతు అవకాశం. పుట్టగానే మడమ దగ్గర చుక్క రక్తం తీసి చూస్తారు. ఒకవేళ ఉన్నా, బిడ్డను ఎప్పుడూ ఆకలితో ఉంచకుండా, వేళకు పాలు పడుతూ చూసుకుంటే చాలు, అందరు పిల్లల్లాగే పెరుగుతుందంది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. భయంతో ఏడ్చానో, ఇంతేనా అన్న ఊరటతో ఏడ్చానో నాకే తెలియలేదు. బావ నా భుజం మీద చెయ్యి తియ్యలేదు.

అత్త సింక్ దగ్గర బియ్యం కడుగుతోంది. ముక్కు తుడుచుకుని వెళ్ళి, "చూశావా అత్తా, దొర మీ వైపే" అన్నాను. ఏదో ఒకటి అని తిప్పికొడుతుందనే అనుకున్నాను.

"బిడ్డనేటి చెయ్యమంది?" అని అడిగింది.

"ఏం లేదు, ఆకలితో ఉంచకూడదంతే."

"జ్వరమొస్తేనో?"

"జ్వరంలో అయితే అసలు ఉంచకూడదట. పాలు తాగకపోతే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళి గ్లూకోజ్ ఎక్కించాలి."

అత్త కుళాయి కట్టేసింది. బావకు ముందు తనకొక ఆడపిల్ల పుట్టిందనీ, ఏడాది నిండకుండానే జ్వరంతో పోయిందనీ నాకు తెలుసు. ఆ పాప గురించి అత్త మాట్లాడగా మాత్రం ఎప్పుడూ వినలేదు. అత్తదీ మేనరికమే. ఆ ముక్క నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

"ఒళ్ళు వెచ్చబడగానే లంఖణం పెట్టమన్నారే పెద్దోళ్ళు" అంది అత్త. "పాలు కూడా ఇవ్వొద్దన్నారు. అది నా రవిక పట్టుకుని ఏడిసింది. నాకు పాలు చేపుకొచ్చి చీరంతా తడిసిపోయింది. అయినా ఇవ్వలేదు. పెద్దోళ్ళ మాట కదా. ఏడిసి ఏడిసి పడుకుందనుకున్నాను."

బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాళ్ళమ్మ నోట ఆ మాట తనూ అప్పుడే వింటున్నాడని మొహం చూస్తే తెలిసింది.

అత్త నా వైపు తిరిగింది. "అయితే అమ్మీ, ఆ రోజు నేను పాలిచ్చుంటే అది బతికీదేటి?"

"అదే జబ్బని మనకేం తెలుసత్తా? అప్పట్లో డాక్టర్లకే తెలీదు" అన్నాను.

"నేనడిగింది అది కాదే" అంది అత్త.