లాభం తర్వాత రెండు

డబ్బున్నవాడికి ధైర్యం ఎక్కువని ఆ రోజుల్లో మా ఊళ్ళో అందరూ అనేవారు. మా మేనమామగారి బియ్యం కొట్లో చేరేదాకా నేనూ అనేవాణ్ణి. చేరాక తెలిసింది, డబ్బున్నవాడంత పిరికివాడు గోదావరి జిల్లా మొత్తం గాలించినా ఇంకొకడు దొరకడని. మా మావయ్య దొంగలకు భయపడడు, వరదకు భయపడడు, దొరగారు తనిఖీకి వచ్చినా చేతిలో నిమ్మకాయ పెట్టి నవ్వుతూ సాగనంపుతాడు. ఆయన భయమల్లా మాటలకే. కొట్లో 'లేదు' అనకూడదు. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనాలి. దీపం ఆరితే కొండెక్కిందనాలి. తలుపులు మూసేటప్పుడు 'కట్టేస్తున్నాం' అనాలి తప్ప 'మూసేస్తున్నాం' అంటే ఆ పూట నాకు అన్నం ఆలస్యమయ్యేది. లక్ష్మీదేవి ఇనప్పెట్టె వెనకాల కూర్చుని మా మాటలన్నీ వింటూ ఉంటుందనీ, ఒక్క మాట తేడా వచ్చినా పెట్టేబేడా సర్దుకుని ఎదురు కొట్లోకి వెళ్ళిపోతుందనీ ఆయన నమ్మకం. (ఎదురు కొట్టుకూ ఇదే నమ్మకం. పాపం ఆవిడ రెండు కొట్ల మధ్యా ఎన్నిసార్లు వీధి దాటి ఉంటుందో.)

నిడదవోలుకు రైలింకా రాలేదు. బియ్యమైనా మనుషులైనా కాలవలో పడవల మీదే రావాలి. కాలవ రేవు పక్కనే మా మావయ్య కొట్టు. ఆయనకు పిల్లల్లేరు. "ఏడాదిపాటు బుద్ధిగా చేశావంటే నా కొట్టు నీదేరా" అని మా అమ్మ ఎదుట మాటిచ్చి నన్ను తెచ్చుకున్నాడు. నాకప్పటికి పద్దెనిమిదేళ్ళు, పదకొండు నెలలు బుద్ధిగానే చేశాను. నా పని కొలవడం. కుంచంతో బియ్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఎవరూ 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. లాభమో లాభం, రెండో రెండు, మూడో మూడు అని రాగం తీస్తూ పోయాలి. ఒకటి అంటే ధనం ఒంటరిదైపోతుందని మా మావయ్య చెప్పేవాడు. ఈ అలవాటు నాకు ఎంత ఒంటబట్టిందంటే, పండక్కి ఇంటికి వెళ్ళి మా అమ్మ వడ్డించిన గారెలు కూడా లాభం, రెండు, మూడు అని లెక్కపెట్టుకుని తినేవాణ్ణి. మా అమ్మ కళ్ళొత్తుకుంది, కొడుకు ప్రయోజకుడయ్యాడని.

అప్పట్లో గోదావరి రేవుల్లో చేపలు పట్టి అమ్ముకునే వాళ్ళలో ఒక ముసలమ్మ ఉండేది. పులస చేపల కాలంలో ఆమె చెప్పిన ధరే ధర కాబట్టి అందరూ పులసమ్మ అనేవారు. ఒక గురువారం సాయంత్రం వచ్చి, తన దగ్గరున్న రూపాయలు చూపించి ఎన్ని కుంచాలొస్తాయని అడిగింది. పన్నెండు అన్నాడు మా మావయ్య. మర్నాడు పడవ తెచ్చుకుని పట్టుకెళ్తానని వెళ్ళిపోయింది. అంతటితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? రేవులో ఆమె ఎవరితోనో అంటుండగా విన్న సంగతి మోసుకొచ్చి, మనవరాలి పెళ్ళట మావయ్యా, సరిగ్గా పన్నెండు కుంచాలు కావాలట, ఒక్కటి తగ్గినా మగపెళ్ళివారి ముందు మాటొస్తుందని బెంగపడుతోందట అని చెప్పాను. మా మావయ్య మీసం ఒకసారి సవరించుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. కొట్టు తెరిచి ఇనప్పెట్టెకు పసుపు కుంకుమలు పెట్టామో లేదో, మొదటి బేరం పులసమ్మదే. "రాత్రికి రాత్రి ధర పెరిగిందమ్మా, ఇప్పుడు పదకొండే వస్తాయి" అన్నాడు మావయ్య. నాకు చెవులు వేడెక్కాయి. ఆమె ఆయన వంక చూసింది, నా వంక చూసింది, రూపాయలు ఇచ్చేసి గోనె పరిచింది. నేను తలెత్తకుండా లాభమో లాభం దగ్గర్నుంచి పదకొండో పదకొండు దాకా కొలిచి పోశాను. ఆమె గోనె మూతి కట్టలేదు.

"ఒకటేదండి సెట్టిగారూ?" అంది.

మొదట పోసిందే అది అన్నాడు మావయ్య.

"అది లాభవని సిన్నసెట్టిగారు పాడేరు కదండి. రెండు ఇన్నాను, మూడు ఇన్నాను, పదకొండు దాకా ఇన్నాను. ఒకటి నా సెవిన పళ్ళేదండి. అది లాభం కాదని తవరి నోటితో ఒక్కమాట సెప్పండి, మూట కట్టుకుని ఎల్లిపోతాను."

శుక్రవారం పొద్దున్న, బోణీ బేరం, పసుపింకా ఆరని ఇనప్పెట్టె ఎదురుగా, 'లాభం కాదు' అనాలి. మా మావయ్య నోరు తెరిచాడు, 'అది లా' దాకా వచ్చి మూశాడు. పోనీ ఆ కుంచం వెనక్కి తీయిద్దామంటే, గోనెలోంచి లాభం తీసేయడం ఇంకా అరిష్టం. అంత డబ్బున్న మనిషి ఒక్క మాటకు చెమటలు కక్కడం చూస్తే నాకు జాలీ నవ్వూ కలిసి వచ్చాయి. చివరకు నా వైపు తిరిగి, "ఒరే, నువ్వు చెప్పరా" అన్నాడు. మేనల్లుడి నోటి మాట లక్ష్మీదేవి లెక్కలోకి తీసుకోదని ఆయన ధైర్యం కాబోలు.

చెబితే నెల తిరిగేసరికి కొట్టు నాది. కాని ఆ ధర పెంచింది నా నోరే కదా. కుంచం నిండా బియ్యం ముంచి గోనెలో పోసి, కాలవ అవతలి గట్టుకు వినిపించేలా "ఒకటో ఒకటి" అన్నాను. అక్కడితో ఆగక, "పోనీ మావయ్యా, పాపం పేదరాలు" అని కూడా అన్నాను.

ఆ కొట్టు పుట్టాక అందులో కుంచం పోస్తూ 'ఒకటి' అని ఎవరూ అనలేదు. మావయ్యకు పట్టరాని కోపం వచ్చింది. కాని బోణీ వేళ 'పో' అనడానికీ ఆయనకు నోరు రావడం లేదు. చాలాసేపు వెతుక్కుని, "నువ్వు నిండుకున్నావురా" అన్నాడు. నా ఉద్యోగం అలా శుభప్రదంగా ఊడింది.

పని పోయినవాడికి పరువెందుకని ఆ మూట నేనే భుజానికెత్తుకుని రేవుకు నడిచాను. బరువుకు మెడ వంగిపోతున్నా లోపల మాత్రం పొంగిపోతున్నాను, పులసమ్మ ఏమని దీవిస్తుందోనని. నాలుగు మెట్లు దిగాక ఆమె వెనక్కి తిరిగింది.

"మూట దింపండి బాబూ. పేదరాలని ఎవరన్నారండి తవరికి? నిన్నటి ధరకి నా రూపాయలు సరిపోయినియ్యి. ఈవేళ సరిపోకపోతే తప్పు నా రూపాయలది కాదు. తవరు జాలిపడి పోసిందయితే ఆ కుంచం తవరే పట్టుకెల్లండి. జాలి గింజలు నా మనవరాలి పెళ్ళిలో వండనండి."

నా పొంగంతా ఒక్కసారిగా చల్లారింది. జాలి కాదనీ, పెళ్ళి సంగతి మావయ్యకు మోసింది నేనేననీ, ధర అందుకే పెరిగిందనీ నసుగుతూ చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మరి అలా సెప్పండి. అయితే అది జాలి కాదు, తవరి జరిమానా. మోయండి."

మోశాను. పడవ దాకా మోశాను.

ఆ కొట్టు తర్వాత మావయ్య పెంచుకున్న వేరే కుర్రాడికి పోయింది. అతను దాని మీద మేడ కట్టాడు. నేను రాజమండ్రిలో ఒక వీధిబడిలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నిడదవోలు వెళ్ళినప్పుడల్లా మా ఆవిడ ఆ మేడ కిటికీలు లెక్కపెట్టి ఎన్నో నాకు చెబుతుంది. చెప్పనీండి. డబ్బు అక్కర్లేదని నేను అనను. అలా అనేవాడి ఇంట్లో పొయ్యిలో కట్టెలు ఇంకెవరో పెడుతూ ఉంటారు. డబ్బు కావాలి, కాని ఒక్క మాట అనడానికి చెమటలు పట్టేటంత మాత్రం వద్దు. ఒక్కోసారి, నెలాఖరు రోజుల్లో, ఆ పద్దెనిమిదేళ్ళవాడు మూటతో తూలుతూ రేవు మెట్లు దిగుతున్నట్టు కళ్ళకు కడతాడు. "ఒరే పిచ్చివాడా, నువ్వు మోసేది ఒక మేడరా" అని కేకెయ్యాలనిపిస్తుంది. కేకేసినా వాడు దింపడు. దింపితే వాడి మొహం నేను చూడను.