ఇంటర్వెల్ తర్వాతి సగం

పోయిన ఆదివారం పంజాగుట్టలో ఒక మాల్‌లో సినిమా చూసి బయటికి వచ్చి, ఎస్కలేటర్ పక్కన నిలబడి, ఆ సినిమా తీసినవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను. మన కాలంలో తెలుగులోకి డబ్ అయి వచ్చిన అంతరిక్ష నౌకల సినిమాలు మీకూ గుర్తుండే ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఇప్పుడు కొత్త నటులతో, కొత్త హంగులతో, మొదటి భాగం నుంచి మళ్ళీ తీయడం మొదలుపెట్టారు. నేనేమీ వాటికి వీరాభిమానిని కాను, ఏ గ్రహం ఎవరిదో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. కానీ ఆ మొదటి సినిమా విషయంలో నాకు అన్యాయం జరిగింది. జరిగిన అన్యాయాన్ని మరిచిపోయే అలవాటు నాకు లేదు.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండి జావా నేర్చుకుంటున్నాను. బస్సు దిగి సందులోకి తిరిగేలోపే చేతినిండా కరపత్రాలు కుక్కేవారు, ఏ మేడ చూసినా అంతస్తుకో ఇన్‌స్టిట్యూట్, మెట్ల మీద కూడా కూర్చుని జెరాక్స్ నోట్సు చదివేవాళ్ళు, ఎవరిని కదిలించినా ఎవరికి ఎక్కడ ఉద్యోగం వచ్చిందన్న మాటే. మధ్యాహ్నం క్లాసు, ఆ తర్వాత ల్యాబు ఉండేవి కనుక మాకు సినిమా అంటే ఫస్ట్ షోనే. హాస్టల్ గేటుకు ఎనిమిదింటికి తాళం పడేది కనుక ఫస్ట్ షో అంటే ఇంటర్వెల్ దాకానే. మన సినిమా అయితే పెద్ద బాధ ఉండేది కాదు, మిగతా సగంలో ఏమవుతుందో హాస్టల్‌కు నడిచి వచ్చేలోపు మేమే చెప్పుకునేవాళ్ళం. ఇంగ్లీషు సినిమాతోనే చిక్కు. వాళ్ళు ఇంటర్వెల్ పెట్టుకొని తీయరు, మన థియేటర్ వాళ్ళే ఎక్కడో ఒకచోట ఠక్కున ఆపేవారు.

ఆ రోజు కెప్టెన్ పురుగు కూడా లేని ఒక గ్రహం మీద దిగి, మంచులో పడుతూ లేస్తూ నడిచి, కొండంత ఇనుప తలుపు ముందు నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. అతని ముఖం మీద వెలుగు పడింది, ఏదో అనబోయి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే హాల్లో లైట్లు వేశారు. సమోసాల బుట్టతో మనిషి లోపలికి వచ్చాడు, నేను బయటికి వచ్చాను.

ఒక్క రోజుకు, ఒక్క గంట గేటు తెరిచి ఉంచమని మర్నాడు హాస్టల్ ఆంటీని బతిమాలాను. ఆమె నవ్వుతూనే కాదనే మనిషి. "ముందు నౌకరీ రానీ బేటా, సినిమా ఏడికి పోతది?" అంది. ఎక్కడికి పోవడమేమిటి, ఆ శుక్రవారానికే వేరే సినిమా వేశారు. అంతకంటే మంట పుట్టించిన సంగతి ఇంకొకటి ఉంది. అది ఆడిన చివరిరోజున నా గదిలో ఉండే సిద్దిపేట అమ్మాయిని, సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పని చేసే వాళ్ళ మేనమామ ఆ సినిమాకే తీసుకెళ్ళాడు. ఆ రాత్రి మామ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఆమెకు గేటు గొడవ లేదు. నన్ను మాటవరసకైనా రమ్మనలేదు. ఈ సంగతి నేను ఆమె పెళ్ళిలో కూడా గుర్తుచేశాను.

తెల్లారి ఆమె ఇంకా గేటు దాటకముందే చెయ్యి పట్టుకొని, తలుపు వెనక ఏముందో చెప్పమన్నాను. నా ముఖంలోకి ఒకసారి చూసి, "ముసలవ్వ ఉంటదక్కా," అంది.

ఆ కథ అంతా ఒక్కసారి చెప్పలేదు. ఆదివారాలు తలంటుకొని డాబా మీద జుట్టు ఆరబెట్టుకుంటూ కొంచెం కొంచెంగా చెప్పింది. దారి తప్పిన నౌకల కోసం ముసలమ్మ అక్కడ ఒక దీపం ఆరిపోకుండా కాపాడుతూ ఉంటుంది. కెప్టెన్‌ను చూడగానే ఇంత ఆలస్యమేమిటని చెడామడా తిట్టి, ఆ తర్వాత వేడి రొట్టె పెడుతుంది. ఆమెకో మేక కూడా ఉంది. అంతరిక్షంలో మేకేమిటని అడిగాను. "ముసలవ్వ ఉన్నకాడ మేక ఉండదా అక్కా?" అంది, నాకూ అది సబబుగానే తోచింది. నేను ఇంటర్వ్యూలో తప్పి వచ్చిన వారం కెప్టెన్ నౌక కూడా చెడిపోయేది, ముసలమ్మ దాన్ని బాగుచేసి మళ్ళీ పైకి పంపేది. అంత పెద్ద సినిమాను పూర్తిగా చూడలేకపోయినందుకు మరింత కుళ్ళుకునేదాన్ని. తర్వాత టీవీలో వేసినప్పుడు కూడా పంతం కొద్దీ చూడలేదు. పెద్ద తెర మీద నాకు దక్కనిది చిన్న పెట్టెలో నాకు అక్కర్లేదు.

అందుకే ఈ కొత్తది వచ్చిందని తెలియగానే, లక్డీకాపూల్‌లో సర్కారు కొలువు చేస్తున్న ఆ సిద్దిపేట అమ్మాయిని, వద్దు వద్దంటున్నా వినకుండా లాక్కెళ్ళాను. మంచు వచ్చింది, తలుపు వచ్చింది, తెరుచుకుంది. ఈసారి లైట్లు వేయలేదు. నేను సీటు అంచుకు జరిగాను. చూద్దును కదా, లోపల వరసగా ఇనుప సైనికులు! అక్కడి నుంచి చివరిదాకా యుద్ధమే. ముసలమ్మ లేదు, దీపం లేదు, రొట్టె లేదు.

ఎస్కలేటర్ దగ్గర నేను మండిపడింది దానికే. "బంగారంలాంటి పాత సినిమాని ఇలా పాడుచేస్తారా? ముసలమ్మని తీసేస్తే తీసేశారు, కనీసం మేకనైనా ఉంచొద్దా?" అన్నాను. ఆమె రెయిలింగ్ పట్టుకొని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"అక్కా, పాతదాంట్ల ఏమున్నదో నాకేం ఎరుక? మామకు నైట్ డ్యూటీ ఉండె. ఇంటర్వెల్‌లనే లేపి తోల్కపోయిండు."

"మరి ముసలమ్మ?"

"పొద్దుగాల నువ్వు గేటు కాడ గట్ల నిలబడ్డవు. నేను సుత చూడలేదంటే బతకనిస్తుంటివా?"

"ఆ మేక?"

"మా అవ్వది."

నేను గట్టిగా నవ్వాను, చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. ఇన్నేళ్ళూ, నాకు దక్కనిది తను చూసిందని ఆమె మీద పెంచుకున్న కోపం ఒక్క నిమిషంలో చేజారిపోయింది. ఊరికే పోనిస్తానా, ఇంతకాలం నిజం దాచినందుకు కొత్త కోపం అప్పటికప్పుడే మొదలుపెట్టి, జరిమానాగా ఆమె చేతనే ఐస్‌క్రీమ్ ఇప్పించుకున్నాను.

ఇప్పుడు అమీర్‌పేటలో ఏ వేళప్పుడైనా అమ్మాయిలు మెట్రో దిగి నిబ్బరంగా నడిచి వెళ్తున్నారు, ఏ సినిమా అయినా ఆసాంతం ఫోన్లోనే చూసేస్తున్నారు. అలాగే ఉండాలి; ఆ గేటు కోసం ఆంటీతో పోట్లాడింది నేనే. కానీ సినిమా చూసి వచ్చిన స్నేహితురాలి చెయ్యి పట్టుకొని, తర్వాత ఏమైందే అని అడగాల్సిన పని వాళ్ళకు లేదు. ఆ అడగడంలో, వారం వారం ఎదురుచూడడంలో ఎంత సంతోషం ఉండేదో చెప్పినా వాళ్ళకు అర్థం కాదు. చెప్పకుండా ఊరుకోవడం నావల్ల కాదు.