తలకిందులుగా నిద్రపోయిన జెరేనియంలు

జెరేనియం ఆకు నలిపినప్పటి ఘాటు వాసన వేళ్ళకు అంటుకుందంటే చాలు, సుభద్రక్కయ్య తరఫున ఎవరితోనైనా పోట్లాడాలనిపిస్తుంది నాకు. ఆవిడ పిసినారి అనీ, పక్కింటివాళ్ళ చెత్తలో మొక్కలు ఏరుకునేదనీ అమెరికాలో మేముండే నేపర్‌విల్‌లో పాతవాళ్ళంతా ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. ఏరుకున్న మాట నిజమే. పిసినారి అన్నది మాత్రం శుద్ధ అబద్ధం. నిండా పూలున్న మొక్కను, చలి వస్తోందని చెత్తలో పడేస్తుంటే ఆవిడ చూడలేకపోయేది, అంతే.

ఎనభైల మొదట్లో నేను కొత్తగా కాపురానికి వెళ్ళినప్పుడు ఆవిడది మా ఎదురిల్లు. అంతకు ముందు శీతాకాలం ఇంటి కింది బేస్‌మెంట్‌లో ఆవిడ దాచిన మొక్కలన్నీ కుళ్ళిపోయాయి. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోసిందట. ఎదురుగా మొక్క ఉండగా ఆ నీళ్ళు సింకులో పారబోయడానికి మనలో ఎవరికి చేతులొస్తాయి చెప్పండి!

"నిద్రపోయేవాటిని లేపి లేపి తిండి పెట్టి చంపాను, అమ్మాయ్," అంది.

ఆ అక్టోబరులో పక్కింటి డోరతీ ఎర్ర జెరేనియంలు పీకి చెత్తలో పెట్టగానే అక్కయ్య ఎత్తుకొచ్చింది. డోరతీ పకపకా నవ్వి పందెం వేసింది: అవి మళ్ళీ పూస్తే తను చీర కట్టుకుని వీధంతా తిరుగుతుంది, పూయకపోతే అక్కయ్య ఇక ఆ చెత్త జోలికి రాకూడదు. అక్కయ్య సరేనంది. వేళ్ళ మట్టి దులిపి, బేస్‌మెంట్‌లో బట్టలారేసే తాడుకు మొక్కల్ని తలకిందులుగా కట్టింది.

"ఏమోయ్, గబ్బిలాల్ని పెంచుతున్నావా?" అన్నారు వాళ్ళాయన.

"మీకన్నా నయం. గురక పెట్టవు."

అప్పుడప్పుడు వేళ్ళను కాసేపు బకెట్లో నానబెట్టడం తప్ప వాటిని కదిలించలేదు. ఫిబ్రవరికి ఎండుపుల్లలయ్యాయి.

"చచ్చాయి అక్కయ్యా, ఒప్పేసుకోండి," అన్నాను.

ఆవిడ ఓ పుల్లను గోటితో గీకింది. లోపల లేత పచ్చదనం. "గీకి చూసి మాట్లాడవే. నోరుంది కదా అని తీర్పులా?"

నాతో వాదనకు దిగినవాళ్ళను అడగండి, ఆనాటి నుంచి గీకి చూడందే నేను ఏ మాటనూ వదలను.

చలి తగ్గాక వాటిని మళ్ళీ మట్టిలో నాటింది. జూన్‌లో ఎర్రగా, గుత్తులు గుత్తులుగా పూశాయి. మామిడిపిందె రంగు చీరలో, కాళ్ళకు టెన్నిస్ షూలతో డోరతీ వీధిలో నడిచింది. జారుతున్న కుచ్చిళ్ళు పట్టుకుని వెనకే అక్కయ్య. "మెల్లిగా తల్లీ, పరువు పోతుంది!" అని ఆవిడ తెలుగులోనే అరుస్తుంటే పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

మళ్ళీ అక్టోబరు రాగానే డోరతీ మొక్కలు మళ్ళీ చెత్తలోనే కనిపించాయి. కాకపోతే ఈసారి మట్టి దులిపి, వేళ్ళకు న్యూస్‌పేపర్ చుట్టి ఉన్నాయి. ఆ తర్వాత ఏటా అంతే. నేనూ ఏటా మా బేస్‌మెంట్‌లో జెరేనియంలు కడుతూ అదే ఆలోచిస్తాను. పక్కిల్లేగా, తలుపు కొట్టి చేతికివ్వొచ్చుగా? అంత ముద్దుగా చుట్టి, తీసుకెళ్ళి చెత్తలో పెట్టడమెందుకు?