అమ్మ లొకేషన్ ఆపేసిన మధ్యాహ్నం

మణవాళనగర్‌లో నాతోనే ఉండే అమ్మ ఈ మధ్యాహ్నం గుడికని బయలుదేరింది. దారి తప్పుతుందేమోనని తన ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ నేనే పెట్టాను. పది నిమిషాలకే అది ఆగిపోయింది. కంగారుగా ఫోన్ చేస్తూనే ఉంటే, గంట తరువాత ఎత్తింది.

"యాడుండావమ్మా?"

"తిరుత్తణిలో, మీ అక్కింట్లో. నీకు తెలిస్తే మొగం మాడ్చుకుంటావని కొంచేపు ఆపినా. ఎట్ల ఆపాల్నో అక్కే చెప్పింది."

వెనకాల అక్క ఏదో అనగానే అమ్మ పకపకా నవ్వింది. నా దగ్గర అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! ఒళ్ళు మండిపోయి, వాళ్ళిద్దరికీ కనబడే నా లొకేషన్ కూడా ఆపేశాను.

రెండు గంటలైంది. ఆ ఇద్దరిలో ఒక్కరూ గమనించలేదు.

అక్కను చూసి కుళ్ళుకునే చెల్లెళ్ళు ఇంకెవరైనా ఉన్నారా, నేనొక్కదాన్నేనా?