పెద్దబాపు విమానం గుర్తు

ఆ రోజుల్లో ఎన్నికలంటే నాకు వట్టి కూడికలే. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన మరుసటి ఏడాది సంగతి. పదో తరగతితో చదువు ఆగినా, గుంటలను గజాల్లోకి మార్చే లెక్క సొంతంగా నేర్చుకున్నాను. (ఊళ్లో నాకంటే నా చెవి మీది పెన్సిలుకే మర్యాద ఎక్కువ.) ఆ ధైర్యంతోనే, మా నాన్నకు అన్న అయిన మా పెద్దబాపు అసెంబ్లీకి నిలబడతానంటే గెలుపు లెక్క నేను చూసుకుంటానన్నాను.

పెద్దబాపు టమాటా పండించే రైతు. విమానాశ్రయం గోడ లేచాక ఆయన చేనికి పోయే బండిబాట మూసుకుపోయింది. తొండుపల్లి మీదుగా చుట్టు తిరిగి వచ్చేసరికి గంపలో కాయ మెత్తబడేది. ఆ బాట తెరవకపోతే ఇక చేను నిలవదు. ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయి, "ఇగ అసెంబ్లీలనే నిలబడి అడుగుత. ఒక్క బాట అడుగుత, అంతే" అన్నాడు.

స్వతంత్ర అభ్యర్థికి గుర్తు అధికారులు ఇవ్వాలి. ఆయన గంప కోరుకున్నాడు. బుద్వేల్ వైపు నుంచి నిలబడ్డ మరొకాయనా అదే కోరాడు. చీటీ తీస్తే గంప ఆయనకు పోయింది, పెద్దబాపుకు విమానం మిగిలింది. నేను లోలోపల సంబరపడ్డాను, ఖర్చులేని ప్రచారం రోజంతా నెత్తి మీదే తిరుగుతుందని. పైకి చూపించి ఓటడగమంటే ఆయన ససేమిరా అన్నాడు. "దాని పేరు నా నోట రాదురా."

ఇంటింటికీ పోయి చేతులు జోడించి, గంప అడిగితే ఇయ్యలేదని మాత్రం చెప్పుకునేవాడు. వెనకాల నేను రెండు చేతులూ చాచి విమానంలా నిలబడేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్లు, పెద్దవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు. (తిప్పుకున్నవాళ్లనూ మావైపే కూడేసుకున్నాను.)

ఓట్లు లెక్కపెట్టాక చూస్తే, మా ఊళ్లో విమానానికి మా ఇంటి ఓట్ల మీద రెండు ఎక్కువ పడ్డాయి. మిగతావి దాదాపు అన్నీ గంపకే. ప్రచారంలో ప్రతి ఇంటి ముందూ మాకోసం మాట్లాడిన బర్రెల అవ్వ వాకిట్లో పెద్దబాపు ఆగాడు.

"అవ్వా, నాకేస్తనంటివి గద?"

"నీకే ఏసిన బిడ్డా. గంప మీద గుద్దిన. మన బాట మింగిన దాని మీద ఎట్ల గుద్దుత? మా వాడకట్టంత గట్లనే గుద్దినం."

గంప మనది కాదని నేను విడమరిచి చెప్పబోతే పెద్దబాపు నా భుజం నొక్కాడు. "సల్లగుండు అవ్వా" అని బయటికి నడిచాడు. మలుపు తిరిగాక, "జర ఆ ముసల్దానికి చెప్పకురా. నా కోపం ఆమె మోసింది" అన్నాడు.

బాట తెరుచుకోలేదు. ఏడాది తిరగకుండానే చేను అమ్మేశాడు. గంపాయనా గెలవలేదు, మొహం కూడా చూపించని ఊళ్లో అన్ని ఓట్లు ఎలా పడ్డాయో ఆయనకు నేటికీ అంతుపట్టి ఉండదు. ఎన్నికకు ముందే అవ్వను మా గెలుపులో కూడేసుకున్న ఆ పెన్సిలు కుర్రాణ్ణి తలుచుకుని ఇప్పుడు నవ్వుకుంటాను. వాడి కూడికల్లో తప్పు కానిది అదొక్కటే. ఆమె వేసింది పెద్దబాపుకే.